కరిచే బూట్లకి ఆముదమా, ఫ్రిజ్జా? ముందు పాదం సంగతి చూద్దాం

బాబూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. గుంటూరులో ఉంటూ రోజూ విజయవాడలో బ్యాంకుకి వెళ్లి వస్తున్నారు. ఉద్యోగంలో చేరే ముందు నల్ల తోలు బూట్లు, లేసులు కట్టేవి, 8 నంబరువి కొన్నారు. షాపులో పొద్దున పూట తొడిగి చూస్తే సరిపోయాయి. ఇప్పుడు మధ్యాహ్నం దాటేసరికి కుడికాలి చిటికెన వేలు మండిపోతోంది, మడమ వెనక చర్మం లేచిపోతోంది. అమ్మగారు ఆముదం పట్టించమన్నారు, స్నేహితుడు నీళ్ల కవరు దూర్చి ఫ్రీజర్‌లో పెట్టమన్నాడు, ఇంకొకరు హెయిర్ డ్రయ్యర్ అన్నారు. చివర్లో ఇంకో మాట చేర్చారు. నాన్నగారికీ అదే రకం బూట్లు కొన్నారు, ఆయనకీ బిగుతుగానే ఉన్నాయి, ఆయనకి పదేళ్లుగా షుగర్ ఉంది.

ఆ చివరి మాటకే ముందు జవాబు చెబుతాను. నాన్నగారి బూట్లని ఇంట్లో సాగదీయకండి. ఆయన చేత తొడిగించి అలవాటు చేయించే ప్రయత్నం కూడా వద్దు. వీలుంటే వెనక్కి ఇచ్చేయండి, లేదంటే ఇంకెవరికైనా ఇవ్వండి. కొత్త బూటు మనల్ని కరిస్తే మనం కుంటుతాం, విప్పేస్తాం. షుగర్ చాలాకాలంగా ఉన్నవాళ్లలో చాలామందికి పాదాల్లో స్పర్శ తగ్గిపోతుంది. కరుస్తోందని చెప్పాల్సిన నరం చెప్పదు. నా దగ్గరికి వచ్చిన పెద్దాయన ఒకరు కొత్త బూట్లు తొడుక్కుని రోజంతా పెళ్లిలో తిరిగారు. రాత్రి విప్పితే సాక్సు తడిగా ఉందట. చూస్తే బొటనవేలి పక్క బొబ్బ చితికి రక్తం. ఆయనకి నొప్పే తెలియలేదు. ఆ పుండు మానడానికి నెలలు పట్టింది. మనకి నాలుగు రోజుల్లో ఎండిపోయే బొబ్బ వాళ్లకి ఆసుపత్రి దాకా తీసుకెళ్లే పుండు కావచ్చు.

నాన్నగారి డాక్టరుని అడిగి పాదాల పరీక్ష చేయించండి. 10 గ్రాముల ఒత్తిడికి వంగే సన్నటి నైలాన్ పోగుని అరికాలి మీద అక్కడక్కడా తాకించి, తెలుస్తోందా అని అడుగుతారు. నొప్పి ఉండదు, నిమిషాల్లో అయిపోతుంది. స్పర్శ తగ్గిందని తేలితే ఎం.సి.ఆర్. (మైక్రోసెల్యులర్ రబ్బరు) అట్ట వేసిన పాదరక్షలు రాస్తారు. మెత్తటి రబ్బరు, వెనక పట్టీ ఉంటుంది, కాలు జారిపోదు. ఏం తొడిగినా ముందు చెయ్యి లోపలికి పెట్టి, రాయో కుట్టు మొనో ఉందేమో తడిమి చూసుకోమనండి. రాత్రి పడుకునే ముందు అరికాళ్లు మీరే చూడండి. ఆయన వంగి చూసుకోలేరు.

ఇక మీ సంగతి. నేను విజయవాడ గవర్నర్‌పేటలో 30 ఏళ్లకి పైగా బూట్లు అమ్ముతూ, బాగు చేస్తూ ఉన్నాను. మా నాన్న చేతి పని చూసి నేర్చుకున్నాను. బూట్లు బిగుతుగా ఉన్నాయని వచ్చేవాళ్లని నేను మొదట అడిగేది ఒకటే: ఎక్కడ బిగుతు? పక్కల్లోనా, ముందా, పైనా? ఈ మూడింటికీ మందు ఒకటి కాదు. ఒకదానికైతే మందే లేదు.

మందు లేనిది పొడవు. బూటుని పాదం ఆకారంలో ఉండే అచ్చు మీద తోలు లాగి కట్టి తయారుచేస్తారు. ఆ తోలుకి ముందు కొనలో, వెనక మడమ దగ్గర లోపలి నుంచి గట్టి అట్టలాంటిది అతికిస్తారు, ఆకారం నిలబడడానికి. అడుగున సోల్ ఉండనే ఉంది, అదీ సాగదు. అందుకని మీరు ఏం చేసినా బూటు ముందుకి పెరగదు. వేళ్లు ముందు గోడకి తగులుతుంటే ఆ బూటు మీది కాదు. బొటనవేలి గోరు నల్లబడేదాకా తొడిగి "సాగుతుందిలే" అని నెలలు ఓర్చుకున్నవాళ్లని చూశాను. సాగలేదు, గోరు ఊడింది. వెడల్పు మాత్రం నిజంగా సాగుతుంది, అసలు తోలైతే. ఇంట్లో చేసే పనితో పక్కలకి మూడు నాలుగు మిల్లీమీటర్లు వస్తే సంతోషించాలి. చిటికెన వేలికి అది చాలు.

అందుకని ముందు కొలవండి. పొద్దున కాదు, సాయంత్రం. రోజంతా నిలబడితే, బస్సులో కాళ్లు వేలాడేసి కూర్చుంటే పాదాలు కాస్త ఉబ్బుతాయి. మన ఎండాకాలంలో మరీను. మీరు పొద్దున తొడిగి కొన్నారు కదా, చాలామంది విషయంలో తేడా అక్కడే వస్తుంది. రేపు ఇంటికి రాగానే గోడకి ఆనించి ఒక తెల్ల కాగితం నేల మీద పరవండి. సాక్సుతోనే, మడమ గోడకి తగిలేలా నిలబడండి. కూర్చుని కొలవకండి, బరువు పడితేనే పాదం పరుచుకుంటుంది. ఇంకొకరి చేత పెన్సిల్ నిలువుగా పట్టించి చుట్టూ గీయించండి. రెండు కాళ్లూ గీయించండి. రెండూ ఒకేలా ఉండేవాళ్లు అరుదు. ఒకటి కాస్త పెద్దది ఉంటుంది, మీకు కుడిది అయ్యుంటుందని నా అనుమానం. పొడవుని బొటనవేలి నుంచే కొలవాలని లేదు, కొందరికి రెండో వేలు పొడవు.

తర్వాత బూటు లోపల ఉన్న ఇన్‌సోల్‌ని, అంటే కాలు మోపే పరుపు లాంటి అట్టని, బయటికి లాగండి. చాలావాటికి వస్తుంది. అతికించి ఉంటే బలవంతం చేయకండి. దాన్ని నేల మీద పెట్టి, మడమని దాని వెనక అంచుకి సరిచేసి ఎక్కి నిలబడండి. మీ పొడవాటి వేలి ముందు ఒక సెంటీమీటరు ఖాళీ ఉండాలి. ఉంటే బూటు పొడవు సరిగ్గానే ఉంది. అసలు ఖాళీ లేదంటే ఇక్కడితో ఆగి 9 నంబరు చూడండి. ఒక నంబరుకి ఇంకో నంబరుకి తేడా 8 మిల్లీమీటర్ల పైచిలుకే, అంగుళంలో మూడో వంతు. ఇక పక్కలు చూడండి. చిటికెన వేలు ఇన్‌సోల్ అంచు దాటి బయటికి వచ్చిందా? రెండు మూడు మిల్లీమీటర్లు దాటితే సాగదీసి బాగు చేయొచ్చు. వేలు సగం బయటే ఉంటే ఆ అచ్చే మీ పాదానికి సన్నం. అలాంటి జతని ఎంత సాగదీసినా పాదం సోల్ అంచు మీద పడుతుంది, బూటు పక్కకి ఒరిగిపోతుంది.

ఇందులో మీ తప్పు లేదని కూడా చెప్పాలి. మనం వాడే నంబర్లు ఇంగ్లండు నుంచి వచ్చినవి. నంబరు పొడవునే చెబుతుంది, వెడల్పు గురించి మాట్లాడదు. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థవాళ్లు 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా దేశమంతటా లక్ష మందికి పైగా పాదాలని స్కాన్ చేసి చూశారు. యూరప్, అమెరికావాళ్ల పాదాలకంటే మనవి వెడల్పని తేల్చి, మన కొలతలకి 'భ' అనే కొత్త సైజు పద్ధతి సూచించారు. నాకైతే దుకాణంలో రోజూ కనిపించేదే అది. చిన్నప్పుడు చెప్పుల్లేకుండా, పెద్దయ్యాక వేళ్లకి పని చెప్పే చెప్పులతో పెరిగిన పాదం విచ్చుకుని ఉంటుంది. దాన్ని సన్నటి కొన ఉన్న ఫార్మల్ బూట్లో దూరుస్తాం. చిటికెన వేలే మొదట మొర పెట్టుకుంటుంది.

పొడవు సరిపోయింది, పక్కన కొద్దిగా నొక్కుతోంది అనుకుందాం. ఇక అది తోలా కాదా చూడాలి. బూటు లోపలో అడుగునో, డబ్బా మీదో చిన్న బొమ్మల ముద్ర ఉంటే వెతకండి. పరిచిన పశువు చర్మం ఆకారం ఉంటే తోలు. ఆ చర్మం మధ్యలో చిన్న డైమండ్ ఉంటే పైన పూత వేసిన తోలు. ఉత్త డైమండ్ ఉంటే రెక్సిన్ లాంటి కృత్రిమ సరుకు. అల్లిన వలలా ఉంటే బట్ట. పైభాగానికి, లోపలి లైనింగుకి, సోల్‌కి విడివిడిగా వేస్తారు, కాబట్టి పైభాగం పక్కనున్న బొమ్మే చూడండి. ముద్ర లేకపోతే బొటనవేలితో నొక్కండి. తోలైతే వేలి చుట్టూ సన్నటి ముడతలు అడ్డదిడ్డంగా లేస్తాయి, వేలు తీయగానే మెల్లగా సర్దుకుంటాయి. రెక్సిన్ అయితే ఒక గుంట పడి టక్కున లేస్తుంది. రెక్సిన్‌కి సాగడం తెలియదు. వేడికి మెత్తబడి కాసేపు సాగినట్టు కనిపిస్తుంది, చల్లారాక మళ్లీ మొదటికి వస్తుంది, లేదా పైపొర చిట్లుతుంది. అద్దంలా మెరిసే పేటెంట్ లెదర్ కూడా అంతే, పైన గట్టి పూత ఉంటుంది, సాగదీస్తే గీతలు పడతాయి. మీది అలాంటిదైతే మార్చుకోవడమే మంచిది. ఆ గడువు ఇంకా ఉందేమో ఈ రోజే బిల్లు తీసి చూడండి. సోల్ అరిగాక ఎవరూ వెనక్కి తీసుకోరు, అందుకని తేలేదాకా ఇంట్లో గచ్చు మీదే నడవండి.

సాగదీసే ముందు ఇంకో చిన్న పని. మీ మడమ పుండుకి కారణం మడమ దగ్గర లేదని నా నమ్మకం. వేలు నొప్పి పుడుతోందని మీరు లేసులు వదులు చేసుకుని ఉంటారు. లేసులు వదులైతే అడుగు తీసినప్పుడల్లా మడమ పైకి లేస్తుంది, మళ్లీ దిగుతుంది. రోజుకి కొన్ని వేలసార్లు అదే చోట రాసుకుంటే చర్మం లేవకుండా ఎలా ఉంటుంది? అందుకని ఇలా కట్టండి. వేళ్లకి దగ్గరున్న కింది రెండు జతల కన్నాల్లో లేసు వదులుగా ఉంచండి. అక్కడ ఒకదాని మీద ఒకటి ఒకసారి కాకుండా రెండుసార్లు మెలి వేయండి. ఆ మెలి కింది వదులుని కిందే పట్టి ఉంచుతుంది. పైన మిగిలిన కన్నాల్లో చీలమండ దగ్గర గట్టిగా బిగించి ముడి వేయండి. వేళ్లకి చోటు, మడమకి పట్టు. ఇదొక్కటే చేసి, ఇక సాగదీయక్కర్లేదని వెళ్లిపోయినవాళ్లు ఉన్నారు. పాదం పైభాగం ఎత్తుగా ఉండి లేసుల కింద నొక్కేవాళ్లయితే నొప్పి ఉన్న చోట మాత్రం అడ్డంగా దాటించకుండా, ఏ పక్క లేసుని ఆ పక్కనే పైకి తీసుకెళ్లి ఆ పైన కలపాలి.

ఇన్‌సోల్ మందంగా ఉంటే దాన్ని తీసి పలచనిది వేసి చూడండి. రెండు మిల్లీమీటర్లు కిందికి దిగినా పాదానికి లోపల చోటు పెరుగుతుంది. దీనికి ఖర్చు దాదాపు లేదు, బూటుకీ హాని లేదు.

ఇవన్నీ అయ్యాక కూడా వేలు నొక్కుతుంటే, నేను దుకాణంలో చేసే పనిని ఇంట్లో చేసుకునేలా చెబుతాను. కావలసినవి పప్పు గుత్తి, మెత్తటి నూలు గుడ్డ, మందపాటి సాక్సులు రెండు జతలు, మెడికల్ షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్.

మొదట చోటు గుర్తించాలి. సాక్సు లేకుండా చిటికెన వేలి కణుపు మీద సుద్దముక్క పొడి రుద్దండి. బూటు జాగ్రత్తగా తొడిగి, లేసు కట్టి, నిలబడి పది అడుగులు వేయండి. విప్పి సెల్‌ఫోన్ లైటుతో లోపల చూస్తే లైనింగు మీద తెల్ల మచ్చ కనిపిస్తుంది. దాన్ని లోపల వేలితో పట్టుకుని, బయట అదే చోట చిన్న టేపు ముక్క అతికించండి. చాలామంది బూటంతా సాగదీస్తారు. నొక్కేది రూపాయి బిళ్లంత చోటు, అది వదిలేసి మిగతాదంతా వదులవుతుంది, తర్వాత మడమ జారుతుంది.

ఇప్పుడు స్పిరిటు, నీళ్లు సమపాళ్లలో కలపండి. పొయ్యికి, దీపానికి దూరంగా కలపండి, స్పిరిటు అంటుకుంటుంది. మొదట కనపడని చోట, బూటు నాలుక (లేసుల కింద ఉండే తోలు ముక్క) లోపలి వైపు ఒక చుక్క రాసి ఆరనిచ్చి రంగు పోతుందేమో చూడండి. పోకపోతే దూదితో లోపలి నుంచి ఆ తెల్ల మచ్చ మీద అద్దండి. తడి చేయాలి, నానబెట్టకూడదు. లోపలి లైనింగు తోలుదైతే తడి పైతోలుదాకా వెళ్తుంది. లైనింగు రెక్సినైతే వెళ్లదు, అప్పుడు స్పిరిటు జోలికి పోకుండా ఉత్త నీళ్లలో పిండిన గుడ్డని బయట టేపు పక్కన కాసేపు అదిమి ఉంచండి. తడి తగిలిన తోలు పోగులు ఒకదాని మీద ఒకటి జరుగుతాయి. ఎండేటప్పుడు అప్పుడున్న ఆకారంలోనే నిలబడతాయి. తోలు పని అంతా ఈ ఒక్క గుణం మీదే నడుస్తుంది.

పప్పు గుత్తి పిడి చివర గుండ్రంగా నున్నగా ఉంటుంది కదా, దానికి గుడ్డ చుట్టండి. ఎడమ చేత్తో బూటుని ఒడిలో పట్టుకుని, పిడిని లోపలికి పోనిచ్చి, గుండ్రటి కొనని మచ్చ మీద ఆనించండి. బయట మీ ఎడమ బొటనవేలు టేపు పక్కన ఉండాలి, అవతల ఎంత ఉబ్బుతోందో వేలికి తెలుస్తుంది. ఇక పిడితో బయటికి నొక్కుతూ చిన్న చిన్న సున్నాలు చుట్టండి. బలం వద్దు, ఓపిక కావాలి. నాలుగైదు నిమిషాలయ్యేసరికి చేతికింద తోలు మెత్తబడడం తెలుస్తుంది. మొదట గట్టి అట్టలా ఎదురు తిరిగింది కాస్తా చెవి తమ్మెలా లొంగుతుంది. అక్కడ ఆపేయండి. కుట్టు ఉన్న చోట మాత్రం ఇలా నొక్కకండి. కుట్టు కన్నాలు పెద్దవై దారం తెగుతుంది.

తడి ఆరకముందే రెండు జతల సాక్సులు వేసుకుని బూటు తొడగండి. ఇరవై నిమిషాలు ఇంట్లో నడవండి, మధ్యమధ్య మునివేళ్ల మీద లేవండి. నొప్పి పుడితే విప్పేయండి. విప్పాక అదే చోట గుడ్డ ఉండ ఒకటి గట్టిగా కూరి రాత్రంతా ఫ్యాను గాలికి వదిలేయండి. మర్నాడు సాయంత్రం మళ్లీ. మూడు నాలుగు సాయంత్రాలు పడుతుంది. అయ్యాక రంగులేని షూ క్రీమ్ పల్చగా రాసి, మర్నాడు పాలిష్ చేయండి, స్పిరిటు తోలులోని జిడ్డుని లాగేస్తుంది కాబట్టి ఈ పని వదిలేయకూడదు.

మడమ అంచుకి తడి అవసరం లేదు. బూటు వెనక పై అంచుని రెండు బొటనవేళ్ల మధ్య పట్టుకుని బయటికి, లోపలికి వంచుతూ రెండు మూడు నిమిషాలు నలపండి. ఇంకా గరుగ్గా ఉంటే లోపలి వైపు స్టీలు గరిటె వెనక భాగంతో రుద్దండి. ఇప్పుడున్న పుండు మానేదాకా ఆ బూటు వేసుకోకండి. బొబ్బ ఉంటే చిదమకండి, ఆ పై చర్మమే దానికి కట్టు.

ఆముదం మాటకొస్తే, అమ్మగారు చెప్పింది ఊరికే చెప్పింది కాదు. మా చిన్నప్పుడు మందపాటి తోలు చెప్పులు వచ్చేవి. కొత్తవి కర్రలా ఉండేవి, నడిస్తే కిర్రుకిర్రుమనేవి. వాటికి ఆముదం పట్టించి రాత్రంతా ఉంచితే పట్టీలు మెత్తబడి పాదానికి సర్దుకునేవి. ఆ తోలుకి పై పూత లేదు, నూనె తాగేది. ఇప్పటికీ అలాంటి చెప్పులకి ఆముదం మంచి మందే, గుడ్డతో పల్చగా రాసి మిగిలింది తుడిచేయాలి. మీ నల్ల ఫార్మల్ బూటు వేరు. దానికి రంగు, పూత ఉన్నాయి. ఆముదం మచ్చలా దిగుతుంది, ఆ చోట పాలిష్ పట్టదు, దుమ్ము అంటుకుంటుంది, సాక్సుకి, పంట్లాముకి జిడ్డు పడుతుంది. కొబ్బరి నూనె ఇంకా వద్దు, కొన్నాళ్లకి కంపు కొడుతుంది.

ఫ్రీజర్ సంగతి. నీళ్లు గడ్డకట్టేటప్పుడు దాదాపు 9 శాతం ఉబ్బుతాయి, అది నిజం. కాని బూటు మూసిన డబ్బా కాదు. పైన నోరు తెరిచే ఉంటుంది. ఉబ్బే మంచు ఎటు అడ్డు తక్కువో అటే పోతుంది, అంటే పైకి. మీ చిటికెన వేలి దగ్గరి మొండి తోలుని అది వెతుక్కుంటూ వెళ్లదు. కవరు చిల్లు పడితే బూటంతా నానుతుంది. బట్ట బూట్లకి కాస్త పని చేయొచ్చు, తోలు బూట్లకి నేను చేయను. శనగలు నానబెట్టి ఉబ్బించే పద్ధతీ ఇలాంటిదే, పైగా వాసన.

హెయిర్ డ్రయ్యర్ పని చేస్తుంది, జాగ్రత్తగా చేస్తే. మందపాటి సాక్సులతో బూటు తొడుక్కుని, జానెడు దూరం నుంచి, నొక్కే చోట మీద అటూ ఇటూ కదుపుతూ అర నిమిషం గాలి పట్టండి. వెంటనే వేళ్లు ఆడించండి, చల్లారేదాకా విప్పకండి. వేడిగా ఉన్నప్పుడు విప్పేస్తే చేసినదంతా వృథా. స్పిరిటు రాసిన రోజు డ్రయ్యర్ వాడకండి. సోల్ అంచు వైపు గాలి పోనివ్వకండి, చాలా బూట్ల సోల్ జిగురుతో అతికించిందే, ఆ జిగురు వేడికి వదులుతుంది.

దీన్ని నేను బాధతో నేర్చుకున్నాను. దుకాణం పెట్టిన కొత్తలో, మే నెలలో, ఒక లెక్చరరు గారి బూట్లలో తడి కాగితం కూరి తొందరగా ఆరతాయని డాబా మీద ఎండలో పెట్టాను. మన ఊళ్లో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి, డాబా మీద చెప్పనక్కర్లేదు. సాయంత్రం వెళ్లి చూస్తే ముందు కొన దగ్గర సోల్ నోరు తెరిచింది, తోలు మామిడి ఒరుగులా బిర్రబిగుసుకుపోయింది. ఆయన రెండు నెలలు దాచుకుని కొనుక్కున్న జత. కొత్తది కొనిచ్చాను గాని, ఆయన ఆ పాతదాన్ని చేతిలో తిప్పి చూసుకోవడం ఇప్పటికీ గుర్తుంది. అప్పటినుంచి తడి తోలుని నీడలో, గాలికి తప్ప ఆరబెట్టలేదు. తడి కాగితం కూరాలనుకుంటే అచ్చు లేని తెల్ల కాగితం వాడండి, పేపరు సిరా లైనింగుకి అంటి సాక్సులకి ఎక్కుతుంది.

చెక్క షూ స్ట్రెచర్లు ఆన్‌లైన్లో దొరుకుతాయి. కొంటే పక్కలకి విచ్చుకునేదీ, నొక్కే చోట బిగించుకోవడానికి చిన్న బుడిపెలు ఉన్నదీ కొనండి. తోలుని కాస్త తడిపి, తగిలేదాకా తిప్పి, ఆపైన అర చుట్టు చాలు. ఆరేడు గంటలకి ఇంకో అర చుట్టు. రెండు రోజుల్లో పని అవుతుంది. ఒక్కసారి మొత్తం తిప్పితే పక్క కుట్టు విచ్చుకుంటుంది, అలా విచ్చుకున్నవి బాగుచేయమని వారానికి ఒకటైనా వస్తుంది నాకు. ఇదంతా ఎందుకనుకుంటే గుంటూరులోనే చెప్పులు కుట్టే పెద్దవాళ్ల దగ్గరికి వెళ్లండి. వెళ్లేటప్పుడు ఆ టేపు ముక్క తీయకుండా తీసుకెళ్లి, "ఇక్కడ మాత్రమే" అని చూపించండి. "కొంచెం లూజు చేయండి" అంటే బూటంతా లూజు చేసి ఇస్తారు.

స్పోర్ట్స్ షూస్ గురించి మీరు అడగలేదు గాని, జాలీ బట్టవి ఇలా సాగవు, అవి అర నంబరు పెద్దవి కొనుక్కోవాలి. పిల్లల స్కూలు బూట్లని కూడా ఎవరూ సాగదీయొద్దు. పాదం పెరుగుతోంది, కొత్తవి కొనడమే.

బస్సులో వచ్చీపోయేటప్పుడు చెప్పులు వేసుకోండి, బూట్లు బ్యాంకులో తొడుక్కోండి. మొదటి వారం రోజుకి రెండు గంటలు, తర్వాత నాలుగు, అలా పెంచండి. వరసగా రెండు రోజులు ఒకే జత వేయకుండా వీలైతే ఒక రోజు వదలండి, మన చెమటకి తోలు ఒక్క రాత్రిలో ఆరదు. ఇంకొకటి, మీకు నొక్కేది కుడికాలే అని రాశారు. స్పిరిటు, పప్పు గుత్తి పని కుడి బూటుకే చేయండి. ఎడమది బాగానే ఉంది, దాన్ని ముట్టుకోకండి.